సెట్ అనే ఒక్క మాటకు ఎన్ని అర్థాలు నేర్చుకోవాలి, మేడం?

మేడం, మాది పరకాల దగ్గర ఒక ఊరు. డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివాను. ఇప్పుడు 29 ఏండ్లు. ఆరు నెలల నుంచి హన్మకొండలో ఒక ఆస్పత్రి రిసెప్షన్‌లో పని చేస్తున్నాను. పోయిన నెల మా డాక్టర్ గారు సాయంత్రం నాలుగింటి ఓపీ గురించి ‘సెట్ బ్యాక్ బై యాన్ అవర్’ అని మెసేజ్ పెట్టారు. బ్యాక్ అంటే వెనక్కి కదా అనుకొని, పేషెంట్లందరికీ ఫోన్ చేసి మూడింటికే రమ్మన్నాను. ఆయన వచ్చింది ఐదింటికి. ముసలివాళ్లు రెండు గంటలు బెంచీల మీద కూర్చున్నారు. అందరి ముందు మాటపడ్డాను. ఇంటికొచ్చి డిక్షనరీ తీస్తే సెట్ అనే ఒక్క మాటకే పేజీలకు పేజీలు! ఇవన్నీ బట్టీ పట్టాలా? ఈ వయసులో నాకు ఇంగ్లీష్ వస్తుందా? మా పాప రెండో తరగతి. ‘సెట్ దోసెలో సెట్ కూడా ఇదేనా అమ్మా’ అని అడిగింది. దానికి కూడా నా దగ్గర జవాబు లేదు. నన్ను మీ బిడ్డ అనుకొని చెప్పండి.
ఒక పాఠకురాలు, హన్మకొండ

బిడ్డా,

ముందు ఆ రోజు జరిగిన తప్పు సంగతి చూద్దాం. అది మనసులో అట్లాగే ఉంటే మిగతా ఏది చెప్పినా నీ తలకెక్కదు.

నువ్వు అనుకున్న అర్థం గాలిలోంచి పుట్టింది కాదు. గోడ గడియారాన్ని గంట ‘సెట్ బ్యాక్’ చేస్తే ముల్లు నాలుగు నుంచి మూడుకే పోతుంది. అదే ‘సెట్ బ్యాక్’ మీటింగ్‌కో ఓపీకో వాడితే నాలుగింటిది ఐదింటికి పోతుంది. మాట ఒకటే, దిక్కులు వేరు. నువ్వు గడియారం అర్థాన్ని ఓపీకి వాడావు. ఇల్లు కట్టేటప్పుడు మున్సిపాలిటీ వాళ్లు ‘సెట్‌బ్యాక్ వదలాలి’ అంటారే, అక్కడ కూడా ఇదే మాట. ఇంటిని రోడ్డు అంచున కాకుండా కొంచెం వెనక్కి కూర్చోబెట్టమని దాని భావం. పనికి అడ్డు తగిలినా, వెనకబడినా పేపర్లో ‘సెట్‌బ్యాక్’ అని రాస్తారు. ఓపీ ఆలస్యం కావడం ఈ చివరి దానికి చుట్టం.

ఇంగ్లీష్ పుట్టుభాషగా ఉన్నవాళ్లు కూడా ‘మీటింగ్ ముందుకు జరిగింది’ అంటే ‘ఏ వైపు ముందుకు?’ అని తిరిగి అడుగుతుంటారు. మన తెలుగులోనూ అంతే. ‘పెండ్లి ముందుకు జరిపిండ్రు’ అంటే తొందరగానా, ఆలస్యంగానా అని అడగకుండా ఎవరైనా బస్సు టికెట్లు తీస్తారా? కాబట్టి నీకు తెలివి లేదని కాదు, ఆ మాటలోనే తిరకాసు ఉంది. ఆ ఆస్పత్రిలో నిన్ను నలుగురి ముందు అన్నవాళ్లకు ఇది చెప్పేవాళ్లు ఉంటే బాగుండేది. పక్కకు పిలిచి చెప్పాల్సిన మాట అది.

ఇక డిక్షనరీ విషయం. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో, సెట్ అనే క్రియ ఒక్కదానికే 430కి పైగా అర్థాలు ఇచ్చారు. అంతకంటే ఎక్కువ అర్థాలున్న మాట ఆ నిఘంటువులో అప్పటికి లేదు. తర్వాత సవరణలు చేసుకుంటూ వస్తే రన్ అనే క్రియ 645 అర్థాలతో దాన్ని దాటేసింది. లండన్‌లో పుట్టి పెరిగిన మనిషిని కూర్చోబెట్టి ఆ 430 చెప్పమంటే చెప్పలేడు. కానీ వాటిలో ఏది ఎదురైనా దాదాపు అర్థం చేసుకుంటాడు. జాబితా తెలియకుండానే మాట రావడం ఎట్లా సాధ్యమో నీకు చెప్పాలని ఉంది. ఎందుకంటే నువ్వు అది ఎప్పుడో చేసేశావు, తెలుగులో.

నీ పొద్దునే చూడు. లేచి పొయ్యి మీద ఎసరు పెడతావు. పాపకు బొట్టు పెడతావు. దేవుడి దగ్గర దీపం పెట్టి దండం పెడతావు. పాపకు అన్నం పెడతావు. ఫోన్ ఛార్జింగ్ పెడతావు. పనికి పోవాలని లేకపోతే లీవ్ పెడతావు. సాయంత్రం వాట్సాప్‌లో స్టేటస్ పెడతావు. ఊర్లో ఎవరో లొల్లి పెడతారు, ఇంకెవరో పంచాయతీ పెడతారు, మరొకరు పోయి కేసు పెడతారు. కోడి గుడ్డు పెడుతుంది. ఇవన్నీ ఒకే పనా? దీపం పెట్టడానికి నిప్పు కావాలి, లీవ్ పెట్టడానికి కాగితం కావాలి, గుడ్డు పెట్టడానికి కోడి కావాలి. అయినా ఏ రోజూ నువ్వు తికమక పడలేదు. ‘పాపకు పేరు పెట్టారు’ అంటే బారసాల అని, ‘పాపకు పేర్లు పెట్టారు’ అంటే వంకలు వెదికారని నీకు వెంటనే తెలుస్తుంది. తేడా ఒక్క బహువచనం. ఎవరు నేర్పారు? బళ్లో ‘పెట్టు’కు అర్థాలు రాయమని ఎవరూ అడగలేదు. మాటను దాని పక్కనున్న మాటతో కలిపి విన్నావు, అట్లాగే పట్టుకున్నావు. చిన్నప్పుడు స్టేటస్ పెట్టడం అనేది లేదు కదా, అయినా అది వచ్చిన రోజు నీకు వింతగా అనిపించలేదు.

నా 31 ఏండ్ల టీచర్ ఉద్యోగంలో సెట్ గురించి పిల్లలకు చెప్పిన మొదటి మాట ఇది: సెట్ అంటే ఇంగ్లీష్ వాళ్ల పెట్టు. ఇది పూర్తిగా కుదరదు, కానీ సగం దారి నడిపిస్తుంది. అలారం పెట్టు అంటే సెట్ ది అలారం. నిప్పు పెట్టారు అంటే సెట్ ఫైర్. పెండ్లికి తారీఖు పెట్టారు అంటే సెట్ ది డేట్. షరతు పెట్టడం, హద్దు పెట్టడం, రేటు పెట్టడం, కాపలా పెట్టడం, గడప లోపల అడుగు పెట్టడం, డబ్బులు పక్కన పెట్టడం, అన్నిటికీ సెట్ సరిపోతుంది. పాలు తోడు పెడతాం కదా, అట్లా గిన్నెలో గట్టిగా పేరుకున్న పెరుగును సెట్ కర్డ్ అంటారు. కోడిని గుడ్ల మీద పొదగబెట్టడాన్ని కూడా పాత ఇంగ్లీష్ పల్లెల్లో ‘సెట్ ఎ హెన్’ అనేవాళ్లు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది, ఎక్కడో దూరాన ఉన్న పల్లె కూడా మన వాకిలి లాగే మాట్లాడిందని.

దీనికి కారణం మాట పుట్టుకలో ఉంది. సిట్ అంటే కూర్చోవడం. ఇంకొకరినో, ఇంకొకదాన్నో కూర్చోబెట్టడానికి పుట్టింది సెట్. మనకు కూర్చోవడం, కూర్చోబెట్టడం ఉన్నట్టే వాళ్లకు సిట్, సెట్. మనకు పండుకోవడం, పండబెట్టడం ఉన్నట్టు వాళ్లకు లై, లే. లేవడం, లేపడం లాగా రైజ్, రెయిజ్. పడిపోవడానికి ఫాల్, చెట్టును కొట్టి పడేయడానికి ఫెల్. చూడు, మన ‘కూర్చోబెట్టు’లో కూడా చివర ఉన్నది పెట్టే. ఒకదాన్ని ఒకచోట కదలకుండా కూర్చోబెట్టడం అనే బొమ్మను మనసులో ఉంచుకుంటే సెట్ అర్థాలు చాలావరకు ఆ బొమ్మలోనే ఇముడుతాయి. విరిగిన ఎముకను దాని చోట కూర్చోబెడితే సెట్ ది బోన్. ఉంగరంలో రాయిని పొదిగితే, అది సెట్ చేయడమే. పాటను ఒక బాణీలో కూర్చోబెడితే సెట్ టు మ్యూజిక్. పరీక్షకు ప్రశ్నలు కూర్చితే సెట్ ది పేపర్.

ఇక్కడి నుంచి దారి కొంచెం మారుతుంది. కూర్చోబెట్టిన వస్తువు తనంతట తానే గట్టిపడితే దానికి కూడా సెట్ అనే అంటారు. సిమెంట్ గట్టిపడితే ‘ది సిమెంట్ హ్యాజ్ సెట్’. అప్పుడు తెలుగులో పెట్టు పనికిరాదు. సూర్యుడి మాట ఇంకా అందమైనది. మనం పొద్దుగూకింది అంటాం, వాళ్లు ‘ది సన్ హ్యాజ్ సెట్’ అంటారు, అంటే పొద్దు కిందికి పోయి కూర్చుంది. నువ్వు ఎప్పుడైనా సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద నిలబడితే ఈ వాక్యం ఒకసారి పైకి అను. పుస్తకంలో చదివితే మరిచిపోతావు, చెరువు దగ్గర అన్నది మరిచిపోవు.

అసలు కష్టం చిన్న తోకలతో వస్తుంది, నిన్ను పడేసినది కూడా తోకే. సెట్ పక్కన ఇన్, ఔట్, ఆఫ్, అప్, బ్యాక్ చేరితే మాట మొత్తం మారిపోతుంది. వీటిని విడదీసి అర్థం కట్టుకోవద్దు, ‘పేర్లు పెట్టు’ లాగా ఒకే ముద్దగా తీసుకో. నీకు ఎక్కువగా వినిపించేది ‘సెట్ ఇన్’. ఆస్పత్రిలో ‘ఇన్ఫెక్షన్ హ్యాజ్ సెట్ ఇన్’ అంటే ఇన్ఫెక్షన్ పట్టుకుంది, ఇక తొందరగా పోదు అని. వాన గురించి ‘ది రెయిన్ హ్యాజ్ సెట్ ఇన్’ అంటే మనం ముసురు పట్టింది అంటామే, సరిగ్గా అది. కాసేపు దంచి వెళ్లిపోయే వానకు ఈ మాట వాడరు. ‘సెట్ ఇన్’ ఎప్పుడూ పట్టుకుని కూర్చునేదాని గురించే, చాలావరకు చెడ్డదాని గురించే. ‘సెట్ ఆఫ్’, ‘సెట్ ఔట్’ రెండూ బయలుదేరడం. కాజీపేట నుంచి రైలుకు పొద్దున్నే బయలుదేరాను అనడానికి రెంటిలో ఏదైనా సరే. కానీ పటాకులు కాల్చినా, అలారం మోగేలా చేసినా అది సెట్ ఆఫ్ మాత్రమే. ‘సెట్ అప్’ మనకు తెలుగు మాటే అయిపోయింది, కొత్తగా అమర్చడం. ఒకటి మాత్రం జాగ్రత్త. హైకోర్టు కింది కోర్టు తీర్పును ‘సెట్ అసైడ్’ చేసిందంటే పక్కన పెట్టి తర్వాత చూస్తుందని కాదు, కొట్టేసిందని. పేపర్ చదివేటప్పుడు పనికొస్తుంది.

వ్యాకరణంలో ఒక చిన్న చోట చాలామంది జారుతారు. పుట్, కట్, హిట్ లాగా సెట్ కూడా భూతకాలంలో మారదు. ‘సెట్టెడ్’ అనే మాట లేదు. మరి నిన్న జరిగిందో రోజూ జరిగేదో ఎట్లా తెలుస్తుంది? డాక్టర్ గారు రోజూ టైమ్ పెడతారు అంటే ‘సెట్స్’. చివర స్ లేకుండా ‘ది డాక్టర్ సెట్ ది టైమ్’ అంటే పెట్టేశారు, అయిపోయింది. ఒక్క అక్షరం.

సెట్ నామవాచకంగా వచ్చినప్పుడు, అంటే నగల సెట్, గిన్నెల సెట్, మీ దగ్గరుండే ఐవీ సెట్ అన్నప్పుడు, ఇంకో కథ ఉంది. గుంపు అనే ఈ అర్థం సిట్, సెట్ జంట నుంచి రాలేదు. లాటిన్‌లో సెక్టా అని ఒక మాట, ఒకరి వెంట నడిచే జనం అని. అది పాత ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లీష్‌లోకి వచ్చి సెట్ అయింది. రెండు వేర్వేరు ఊర్ల మనుషులు ఒకే పేరు పెట్టుకొని ఒకే ఇంట్లో ఉన్నట్టు. తర్వాత రెండూ కలిసిపోయాయి, ఇప్పుడు వేరు చేసి చూడాల్సిన పని నీకు లేదు. కానీ డిక్షనరీలో అన్ని పేజీలు ఎందుకో తెలిస్తే భయం తగ్గుతుందని చెబుతున్నా. నువ్వు పదో తరగతి లెక్కల్లో చదివిన సమితులు గుర్తున్నాయా? ఇంగ్లీష్ మీడియం పిల్లలకు అదే పాఠం సెట్స్. మన సమితి కూడా ఇట్లాంటిదే. లెక్కల్లో అంకెల గుంపు, బయట మనుషుల సంఘం. మండలాలు రాకముందు పంచాయతీ సమితులుండేవని మీ నాయన్ని అడిగితే చెబుతాడు.

కొత్తవాడ దగ్గరి బళ్లో నేను పాఠాలు చెప్పిన రోజుల్లో జంపఖానాలు నేసే ఇండ్ల పిల్లలు చాలామంది ఉండేవాళ్లు. ఇంగ్లీష్ అంటే తలకాయలు దించేవాళ్లు. ఒకనాడు వాళ్లకు ఒక సంగతి చెప్పాను. బట్టలో అంగుళానికి ఎన్ని పడుగు పోగులున్నాయో ఆ లెక్కను ఇంగ్లీష్ నేతపనివాళ్లు సెట్ అంటారు, రాసేటప్పుడు చివర రెండు టీలు పెడతారు అని. చివరి బెంచీలో ఎప్పుడూ మాట్లాడని పిల్లవాడు లేచి, వాళ్లింటి మగ్గం మీద అంగుళానికి ఎన్ని పోగులో చెప్పాడు, ఇంగ్లీష్‌లోనే చెప్పాడు. ఆ వారమంతా వాడు ముందు బెంచీలో కూర్చున్నాడు. తనకు తెలిసిన పనిలోంచి మాట వస్తే ఎవరికైనా అందుతుందని నాకు ఆ రోజు అర్థమైంది. నీకు ఆస్పత్రి పని తెలుసు. నీ ఇంగ్లీష్ అక్కడి నుంచే మొదలు కావాలి, డిక్షనరీలో మొదటి పేజీ నుంచి కాదు.

ఒకచోట మాత్రం మన తెలుగే నిన్ను తప్పుదారి పట్టిస్తుంది. మనం ‘సంబంధం సెట్ అయింది’, ‘ఆ రంగు నీకు సెట్ కాలే’, ‘వాళ్లిద్దరికీ సెట్ కాదు’ అని రోజూ అంటాం. ఈ సెట్ మనం తయారు చేసుకున్నది, తెలుగులో హాయిగా వాడుకో. కానీ ఇంగ్లీష్ మాట్లాడేటప్పుడు దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుపోవద్దు. రంగు నప్పడానికి అక్కడ సూట్ కావాలి. ఇద్దరికి పొసగకపోతే ‘దే డోంట్ గెట్ ఎలాంగ్’. ఉద్యోగం సెట్ అయితే ‘ఐ గాట్ ది జాబ్’. తారీఖు విషయంలో మాత్రం ‘ది డేట్ ఈజ్ సెట్’ రెండు భాషల్లోనూ చెల్లుతుంది. ఇంకోటి, ఐసెట్, లాసెట్, ఎడ్‌సెట్ అనే పేర్ల చివరున్న సెట్‌కూ దీనికీ సంబంధం లేదు. కామన్ ఎంట్రెన్స్ టెస్ట్ అనే మూడు మాటల మొదటి అక్షరాలు సీ, ఈ, టీ కలిపితే వచ్చింది అది. మన కాకతీయ యూనివర్సిటీ చాలాసార్లు నడిపిన ఐసెట్ ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం. కాలేజీ లెక్చరర్ పోస్టుల అర్హత పరీక్ష సెట్ మాత్రం ఎస్‌తో మొదలవుతుంది, కానీ అది కూడా స్టేట్ ఎలిజిబిలిటీ టెస్ట్‌కు పొట్టిపేరే.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతా. ఒక చిన్న నోట్‌బుక్ కౌంటర్ దగ్గర పెట్టుకో. సెట్ ఎప్పుడు వినిపించినా ఆ మాట ఒక్కటే రాయకు, మొత్తం వాక్యం రాయి. కింద డిక్షనరీ అర్థం రాయొద్దు, అదే సంగతి మీ అమ్మకు చెప్పాలంటే ఎట్లా చెబుతావో అట్లా రాయి. ‘వి ఆర్ ఆల్ సెట్’ అని సిస్టర్ అంటే కింద ‘అంతా రెడీ’ అని రాయి. వారానికి రెండు మూడు వాక్యాలు చాలు. డిక్షనరీ కొనాలనుకుంటే ప్రతి అర్థానికీ ఉదాహరణ వాక్యం ఇచ్చే లర్నర్స్ డిక్షనరీ కొను. ఒక ఇంగ్లీష్ మాటకు ఎదురుగా నాలుగు తెలుగు మాటలు వరసగా పేర్చే పుస్తకం నీకు ఇప్పుడు మేలు చేయదు. ఏ సందర్భానికి ఏదో అది చెప్పదు.

టైమ్ విషయంలో మాత్రం నోట్‌బుక్‌ను నమ్ముకోవద్దు, అంకెను నమ్ముకో. విమానం నడిపేవాళ్లు కంట్రోల్ టవర్ చెప్పిన సూచనను తిరిగి చదివి వినిపిస్తారు. ఫోన్‌లో డాక్టర్ మందు చెబితే నర్సు దాన్ని రాసుకొని తిరిగి చదివి వినిపించడం కూడా అందుకే. వాళ్లకు ఇంగ్లీష్ రాక కాదు. ఈసారి టైమ్ మార్చుతూ మెసేజ్ వస్తే, మాట అర్థమైందనిపించినా, ‘సో ఓపీ స్టార్ట్స్ ఎట్ ఫైవ్, సర్?’ అని ఒక్క లైన్ తిరిగి పంపు. ఎస్ అని వచ్చాకే పేషెంట్లకు ఫోన్ చెయ్యి. ఇది అడిగితే తక్కువ అనుకుంటారని టెన్షన్ పడొద్దు. బెంచీ మీద కూర్చునే ముసలివాళ్ల రెండు గంటలు అంతకంటే విలువైనవి. నువ్వు వాళ్ల గురించి బాధపడుతూ ఉత్తరం రాశావు, అందుకే నీకు ఇంత చెప్పాలనిపించింది.

వయసు గురించి అడిగావు. 29 ఏండ్లకు చిన్నపిల్లలా చెవితోనే పట్టుకోవడం కొంచెం నెమ్మదిస్తుంది, నిజమే. కానీ మాటలను పోల్చి చూసే తెలివి పెద్దవాళ్లకే ఎక్కువ. పెట్టుకూ సెట్‌కూ ఉన్న పోలిక మీ పాపకు ఇప్పుడు చెబితే అర్థం కాదు, నీకు ఒక్కసారికే అర్థమైంది కదా.

ఇక పాప ప్రశ్న. సెట్ దోసె మామూలు దోసెలా పెద్దగా, పలచగా ఉండదు. చిన్నగా, మందంగా, మెత్తగా ఉంటుంది. ఒక్కటిగా కాకుండా రెండో మూడో కలిపి ఒక ప్లేటులో పెడతారు. అట్లా కలిపి ఇచ్చే జట్టు కాబట్టి దానికి ఆ పేరు. గిన్నెల సెట్‌లో ఉన్న సెట్టే అది. మీ పాపకు చెప్పు, దాని అనుమానం సరైనదే అని. ఈ ఆదివారం ఇంట్లోనే మూడు చిన్న దోసెలు పోసి ప్లేటులో పెట్టు, సెట్ ఏదో, పెట్టు ఏదో దాన్నే చెప్పమను.